అచ్చాయమ్మ వేసిన తడిక

ఆత్రేయపురంలో అచ్చాయమ్మ కబుర్లలో పడని మనిషి లేడు. వీధిలో ఎవరు ఎదురైనా ఆపి, వాళ్ళింట్లో పొద్దున్న ఏం కూర వండారో, లంకలో అరటితోట ఎలా ఉందో, పెద్దాయన మోకాలి నెప్పి ఎంతవరకు వచ్చిందో కనుక్కుంటే గాని ఆవిడకి అన్నం సయించదు. అడగడం ఒక వంతైతే చెప్పడం మూడు వంతులు. పాలు పోసే ఆయన ఆవిడ గుమ్మం ముందు ఆగినప్పుడల్లా ఒక కాలు సైకిలు పెడలు మీదనే ఉంచేవాడు.

అటువంటి మనిషి రేకుల కుండ ముందు కూర్చుందంటే మాత్రం నోటికి తాళం పడేది. పూతరేకులు తినడం అందరికీ తెలుసు, రేకు తీయడం చూసినవాళ్ళు తక్కువ. కుండని బోర్లించి లోపల ఎండు కొబ్బరాకు మంట పెడతారు. జయ బియ్యం నానబెట్టి రుబ్బి నీళ్ళలా పల్చగా కలిపిన పిండిలో ఒక పాత పల్చటి గుడ్డ ముంచుతారు. ఆ గుడ్డని కాలిన కుండ వీపు మీద ఒక్క ఊపున లాగితే, గుడ్డ వెళ్ళిన దారిలో రేకు నిలబడుతుంది. కాగితం కంటే పల్చన. మాట్లాడితే ఊపిరి కదులుతుంది, ఊపిరి కదిలితే చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలితే రేకు చిరుగుతుంది. ఇది అచ్చాయమ్మకి అత్తగారు నేర్పిన పాఠం. పదిహేనేళ్ళ వయసులో మందపల్లి నుంచి కాపరానికి వచ్చిన పిల్లని అత్తగారు మొదటి వారంలోనే కుండ ముందు కూర్చోబెట్టింది. ఆవిడ పోయినా కుండ ఉంది, పాఠమూ ఉంది.

మొగుడు తాతాజీ కౌలుకి అరటి వేసేవాడు. మాటకారి పెళ్ళాం దొరికిన మగవాళ్ళలో చాలామందిలాగే ఆయన వినడంలో ఆరితేరాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, దేవకుమారి. ఆ పిల్ల చిన్నప్పుడంతా పెరట్లో రేకులు తీసే పాకలోనే పెరిగింది. అమ్మ రేకు తీస్తున్నంతసేపూ పక్కన ముక్కాలిపీట మీద గొంతుక్కూర్చుని చూసేది. గుడ్డ తడపడానికి ఆగినప్పుడల్లా అచ్చాయమ్మ నోరు విప్పేది. ఆ ఆగిన కాసింతసేపట్లోనే దేవకుమారి ఊరి భోగట్టా అంతా విన్నది, ఎక్కాలు అప్పజెప్పింది, అమ్మ చేత జడ వేయించుకున్నది కూడా.

తొంభై ఒకటిలో, పదమూడో ఏట, దేవకుమారి సమర్తాడింది. తాటాకు చాప మీద కూర్చోబెట్టారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు చిమ్మిలి ఉండలు తెచ్చిపెట్టారు, పాటలు పాడారు. ఆ పిల్ల ఏమీ ముట్టుకోకూడదు, పాక వైపు వెళ్ళకూడదు. తొమ్మిదో రోజు అచ్చాయమ్మ కాలవకి వెళ్ళి బట్టలు ఉతుక్కుని తిరిగొచ్చేసరికి దేవకుమారి చాప మీద లేదు. పాకలో కుండ ముందు ఉంది. అచ్చాయమ్మ తడి బట్టల బొత్తి కింద పడేసి లోపలికి వెళ్ళింది. కూతురి చేతి మీద చెళ్ళున కొట్టింది. రెక్క పట్టుకుని బయటకి లాగి, పాక గుమ్మానికి తడిక వేసేసింది.

జూన్ నెలకల్లా పిల్లని రాజమండ్రి తీసుకెళ్ళి హాస్టల్లో చేర్పించింది. ఇంగ్లీషు మీడియం. సెలవలకి వచ్చినా పాకలోకి రానిచ్చేది కాదు. అన్నం పెట్టేది, తలంటేది, బస్సు ఎక్కించేది. ఊళ్ళో అందరితోనూ మూడు వంతులు మాట్లాడే మనిషి కూతురితో మాత్రం పావు వంతుకి దిగిపోయింది. ఎందుకు కొట్టిందో, ఎందుకు తడిక వేసిందో మొగుడికి చెప్పలేదు. ఇరుగుపొరుగుకి చెప్పలేదు. అడగాల్సిన పిల్ల అడగలేదు, చెప్పాల్సిన తల్లి చెప్పలేదు. అలా పదేళ్ళు గడిచిపోయాయి.

రెండువేల ఒకటి వేసవిలో దేవకుమారి భుజానికి సంచీతో, మొహం వేలాడేసుకుని ఇంటికి వచ్చింది. అప్పటికి ఎం.ఏ. ఇంగ్లీషు ఆఖరి ఏడు. చదువు ముగించాలంటే ఒక నవల మీద నూరు పేజీల వ్యాసం రాసి, బయటి ఊరి నుంచి వచ్చే పరీక్షాధికారి ముందు కూర్చుని జవాబులు చెప్పాలి. రాసింది కూడా. కానీ దాన్ని చూడాల్సిన లెక్చరరు సూర్యప్రకాశంగారు సంతకం పెట్టనన్నారు.

"ఏవిటంట ఆయన బాధ?" అంది అచ్చాయమ్మ. అరుగు మీద కూర్చుని రేకులు మడతపెడుతోంది. మడత దగ్గర మాట్లాడొచ్చు. నెయ్యి రాయడం, పంచదార పొడి జల్లడం, చుట్టడం ఆ చేతులకి చూడకుండా వచ్చిన పనులు.

"పదిమంది విమర్శకులు చెప్పింది ఎత్తి రాసేవు, నీ సొంతం ఒక్క ముక్క లేదు, అన్నారు. పదిహేను రోజులు టైమిచ్చేరు. లేకపోతే ఏడాది పోయినట్టే."

"కథేంటి?"

దేవకుమారి తల్లి వంక అనుమానంగా చూసింది. పదేళ్ళలో అమ్మ తన చదువు గురించి అడగడం అదే మొదలు. అచ్చాయమ్మకి మాత్రం కథ అంటే కథే, ఎవరింటిదైనా సరే.

"ఎక్కడో సముద్రంలో దీవులమ్మా. కరీబియన్ అంటారు. ఇంగ్లీషువాళ్ళు చెరకు తోటలు వేసి, ఆఫ్రికా నుంచి మనుషుల్ని బానిసలుగా పట్టుకొచ్చి పని చేయించేరు. తరవాత్తరవాత జెండా దింపుకుని వెళ్ళిపోయేరు. అలాంటి దీవిలో ఒక తల్లీ కూతురూ. తల్లి పేరు మార్సెలిన్."

"ఆ ఇంగ్లీషోళ్ళంటే మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టినోళ్ళేనా?"

"ఆ, వాళ్ళే."

"అయితే అక్కడా కాలవలు తవ్వే ఉంటారు. సరే, ఈ మరిసెల్లమ్మ ఏం పని చేసేది?"

మరిసెల్లమ్మ అనగానే దేవకుమారికి నవ్వొచ్చింది. నూరు పేజీలు రాసేటప్పుడు ఒక్కసారీ రాని నవ్వు. "కర్రపెండలంతో రొట్టెలు చేసి సంతలో అమ్మేదమ్మా. మన ఏజెన్సీ వైపు పండే రకం కాదు. అక్కడిది చేదు రకం. కోరి, పిండి, ఆ నీళ్ళు తీసేసి, మిగిలిన పిండిని కాలిన ఇనప రేకు మీద పల్చగా పరిచి కాలుస్తారు."

"ఇనప రేకు మీదా?" అచ్చాయమ్మ ఆసక్తిగా ముందుకి జరిగింది. "మంట దేంతో పెడతారు?"

"అది రాయలేదమ్మా."

"రాసినాయనకి తెలీదన్నమాట."

"రాసిందాయన కాదు, ఆవిడ."

"అయితే తెలిసే ఉంటది. మర్చిపోయి ఉంటది. ఆ తరవాతేంటి?"

దేవకుమారి చెప్పసాగింది. చెబుతున్నకొద్దీ ఆ గొంతు మారింది. మరిసెల్లమ్మకి ఎడా అని ఒక్కతే కూతురు. చిన్నప్పుడు తల్లి కొంగు వదిలేది కాదు. పదమూడో ఏట ఆ పిల్ల పెద్దదైంది. ఒకరోజు రొట్టెలు కాల్చే పాకలోకి వెళ్ళింది. తల్లి పని చేసుకుంటోంది. పిల్ల పలకరించింది. తల్లి పలకలేదు. మళ్ళీ పలకరించింది. తల్లి తల కూడా తిప్పలేదు. పిల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. కాసేపటికి తల్లి చటుక్కున తిరిగి చేతి మీద ఒక్కటి వేసి, బయటకి గెంటి, తలుపు వేసేసింది. నెల తిరక్కుండా పట్నంలో ఉన్న చుట్టాలింటికి చదువుకోమని పంపేసింది.

అచ్చాయమ్మ చేతిలో రేకు సగం మడతలో ఆగిపోయింది. ఎవరింటి కథో వింటున్నాననుకుంది ఇంతసేపూ. ఈ పిల్ల దీవి కథ చెప్పడంలేదు, తనని అడుగుతోంది. ఆ సంగతి అర్థమయ్యేసరికి ఆవిడకి చెమటలు పట్టాయి.

"దీనికి విమర్శకులు ఒక్కొక్కళ్ళు ఒక్కో కారణం చెప్పేరు," అంది దేవకుమారి, తల్లి మొహం చూడకుండా. "కూతురు ఎదుగుతుంటే ఓర్వలేకపోయిందని ఒకాయన. దొరలు బానిసల్ని కొట్టిన అలవాటు తల్లికి అంటుకుందని ఇంకొకావిడ. ఆ మౌనమే ద్వేషమని మరొకాయన. నేను అన్నీ రాసేను. ఒక్కటీ నమ్మలేదు."

"ద్వేషమా? వాడి మొహం!" అచ్చాయమ్మకి తిక్క రేగింది. చెమట సంగతి మర్చిపోయింది. "కాలే రేకు మీద పల్చగా పిండి పరిచేటప్పుడు ఎవత్తైనా మాట్లాడుద్దా? ఊపిరి బిగబట్టి చేసే పనే అది! ఆయనెప్పుడైనా అట్టు పోసేడా?"

దేవకుమారి సంచీలోంచి పెన్ను తీసి ఆ మాట రాసుకుంది.

"సరే, ఆ పిల్ల చెయ్యెక్కడ పెట్టింది? ఊరికే కొట్టలేదు, చేతి మీద కొట్టిందంటున్నావు. అంతకు ముందు ఆ చెయ్యి ఎక్కడుంది?"

"ఎక్కడో ఉంది. అదేమంత ముఖ్యం?"

"ముఖ్యం కాదా? మంట దగ్గర కూర్చున్న పిల్ల చెయ్యెక్కడుందో చూసుకోని తల్లుంటుందా? పుస్తకం తియ్యి."

దేవకుమారి విసుక్కుంటూనే పుస్తకం తీసింది. నూట పన్నెండో పేజీ. ఇరవైసార్లు చదివిన పేజీ. ఇప్పుడు వేలు పెట్టి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకుంటూ చదివింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది. పిల్ల పక్కనున్న తొట్టిలో వేళ్ళు ముంచి ఆడుకుంటోంది. ఆ వేళ్ళు నోటి దాకా తెచ్చింది. అప్పుడు తల్లి కొట్టింది.

"ఏం తొట్టి అది?" అంది అచ్చాయమ్మ.

"కర్రపెండలం పిండిన నీళ్ళు పట్టే తొట్టి. అమ్మా, ఆ నీళ్ళు విషం! అందుకే పిండి తీసేస్తారు. ముందు అధ్యాయంలో చెప్పింది. తాగి మేక చచ్చిపోయిందని కూడా రాసింది!"

"మరింకేం," అంది అచ్చాయమ్మ, సగంలో ఆగిన రేకుని పూర్తిగా మడిచి పళ్ళెంలో పెడుతూ. "పిల్లని చావకుండా చూసుకున్నందుకు ఇన్నేళ్ళుగా తిట్లు తింటోందన్నమాట మా మరిసెల్లమ్మ."

మర్నాడు మొదటి బస్సుకే దేవకుమారి రాజమండ్రి పరిగెత్తింది. సాయంత్రానికి తిరిగొచ్చినప్పుడు ఆ పిల్ల మొహం వెలుగుతోంది. సూర్యప్రకాశంగారు ఆ పేజీ మూడుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఎవరు చెప్పారమ్మా నీకిది?" అన్నారట. మా అమ్మ అంటే ముందు నమ్మలేదట. ఆ తరవాత సంతకం పెట్టారట. కానీ సంతకం పెడుతూనే ఒక మాట అన్నారు.

"దెబ్బ సంగతి తేలింది, తలుపు సంగతి తేలలేదు అన్నారమ్మా. విషం నీళ్ళైతే పారబోస్తే సరిపోయేది. కూతుర్ని పాకలోంచి ఎందుకు గెంటింది? ఊళ్ళోంచే ఎందుకు పంపేసింది? పరీక్షకి వచ్చే ఆవిడ తప్పకుండా అదే అడుగుతారు, అది చెప్పలేకపోతే మిగతాదంతా నిలబడదు అన్నారు."

అచ్చాయమ్మ గిన్నెలు తోమడంలో చాలా శ్రద్ధ చూపించింది.

"ఎందుకు గెంటిందమ్మా?"

"నాకేం తెలుసే? ఆవిణ్ణే అడుగు."

"ఆవిడ కాగితం మీద మనిషి. మాట్లాడదు. నువ్వు మాట్లాడే మనిషివే కదా."

అచ్చాయమ్మ లేచింది. చేతులు కడుక్కుంది. పాకలోకి వెళ్ళి తడిక వేసుకుంది. కుండ కింద మంట లేదు, పిండి లేదు. ఊరికే పీట మీద కూర్చుంది. బయట కూతురు కొంతసేపు నిలబడి వెళ్ళిపోవడం అడుగుల చప్పుడు బట్టి తెలుస్తూనే ఉంది. తన మీద తనకే ఒళ్ళు మండింది. వీధిలో పోయేవాళ్ళ మోకాళ్ళ నెప్పుల గురించి గంటసేపు మాట్లాడగలిగే నోరు, కన్నపిల్ల ఒక్క మాట అడిగితే పెగలదేం? పదేళ్ళు నానిన మాటని బయటకి లాగడం ఎలాగో ఆవిడకి తెలియలేదు.

తరవాత పది రోజులూ దేవకుమారి మళ్ళీ అడగలేదు. హాస్టలుకి వెళ్ళిపోయి చదువుకుంది. పరీక్ష రోజు పొద్దున్న అచ్చాయమ్మ పొయ్యి రాజెయ్యలేదు. పెళ్ళిళ్ళకి కట్టుకునే వెంకటగిరి చీర కట్టింది. తాతాజీ అరుగు మీద కూర్చుని చూస్తూ, "ఎక్కడికే?" అన్నాడు.

"మరిసెల్లమ్మ కోసం," అంది అచ్చాయమ్మ. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, అలవాటు ప్రకారం తలాడించాడు.

రాజమండ్రిలో కూతురు చదివే పీజీ సెంటర్లో పరీక్ష గది కనుక్కోవడానికి ఆవిడ నలుగుర్ని అడిగింది. వాళ్ళలో ముగ్గురి ఊరూ పేరూ తెలుసుకుంది కూడా. గదిలో బల్ల వెనక సూర్యప్రకాశంగారు, ఆయన పక్కన విశాఖపట్నం నుంచి వచ్చిన పరీక్షాధికారి శ్యామలాంబగారు కూర్చున్నారు. తెల్లజుట్టు, ముదురాకుపచ్చ చీర, ఎదుటివాళ్ళని తూచే చూపు. వెనక బెంచీల మీద దేవకుమారి క్లాసువాళ్ళు ఎనిమిది మంది. అచ్చాయమ్మ ఆఖరి బెంచీ చివర సర్దుకుని కూర్చుంది. కూతురు చూసి బిత్తరపోయింది. వెళ్ళిపొమ్మని అనడానికి టైము లేకపోయింది.

అంతా ఇంగ్లీషే. అచ్చాయమ్మకి మదర్ అన్న మాటా డాటర్ అన్న మాటా తప్ప ఏమీ తెలియలేదు. ఆ రెండే చాలాసార్లు వినబడ్డాయి. కూతురు మాట్లాడుతుంటే మాత్రం ముచ్చటేసింది. తడుముకోవడం లేదు, తల దించుకోవడం లేదు. ఒకచోట మాట్లాడుతూనే పుస్తకం తెరిచి పెద్దావిడ ముందు పెట్టింది. ఆవిడ ఆ పేజీ చదివి, కనుబొమలు ఎత్తి, సూర్యప్రకాశంగారి వంక చూసి తలాడించింది. తొట్టి సంగతి, అనుకుంది అచ్చాయమ్మ. ఆవిడ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అప్పుడు శ్యామలాంబగారు ఒక ప్రశ్న వేశారు. చిన్న ప్రశ్న. దేవకుమారి ఏదో మొదలుపెట్టింది, ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఆ గొంతులో ఇందాకటి జోరు లేదు. మూడోసారి అసలు మొదలుపెట్టనే లేదు. ఏం అడిగారో అచ్చాయమ్మకి ఒకరు తెలుగులో చెప్పనక్కర్లేకపోయింది. తన పిల్ల ఎక్కడ ఆగిపోతుందో ఆవిడకి తెలుసు. ఆపింది తనే.

ఆవిడ లేచి నిలబడింది. "నేను చెప్పొచ్చాండి?"

ఎనిమిది తలలూ వెనక్కి తిరిగాయి. దేవకుమారి మొహం ఎర్రబడింది. "అమ్మా, కూర్చో," అంది గొంతు తగ్గించి.

శ్యామలాంబగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "మీరెవరండి?" తెలుగులోనే అడిగారు.

"మరిసెల్లమ్మ తరఫున వచ్చేనండి."

వెనక బెంచీలు గొల్లుమన్నాయి. సూర్యప్రకాశంగారు పరీక్షాధికారి వైపు వంగి ఏదో చెప్పారు. ఆవిడ నవ్వలేదు. పెన్ను కింద పెట్టి, "చెప్పండి," అన్నారు.

"ఆయ్. దీనికి పదమూడేళ్ళండి అప్పటికి. సమర్తాడి తొమ్మిదో రోజు. నేను కాలవ నుంచి వచ్చేసరికి పాకలో రేకుల కుండ ముందు కూర్చునుందండి. పక్కన పళ్ళెంలో పదకొండు రేకులు. ఎవరూ నేర్పలేదండి, చూసి చూసి తీసేసింది. ఒక్కటీ చిరగలేదు. నాకు చిరక్కుండా రేకు తీయడానికి రెండేళ్ళు పట్టిందండి, మా అత్తగారి చేత తిట్లు తిని తిని. దీని రేకు ఎత్తి చూస్తే అవతలున్న కొబ్బరి మట్ట ఈనెతో సహా కనబడిందండి. నా రేకు ఏనాడూ అంత పల్చన రాలేదు."

దేవకుమారి తల్లినే చూస్తోంది. ఈ సంగతి ఆ పిల్ల ఎన్నడూ వినలేదు.

"అప్పుడే మాతో రేకులు తీయించుకునే బుల్లెమ్మగారు నా వెనకాలే వచ్చి చూసేరండి. అచ్చాయమ్మా, నీ కూతురికి చెయ్యి కుదిరిందే, ఇంక రెండో కుండ పెట్టించు, అన్నారు. ఆవిడ మంచికే అన్నారండి. మా అత్తగారికి చెయ్యి కుదిరిందని ఆవిణ్ణి కూర్చోబెట్టేరు. నాకు కుదిరిందని నన్ను కూర్చోబెట్టేరు. కుదిరిన చేతిని కుండ వదలదండి. పొగకి నా కళ్ళెలా ఉన్నాయో చూడండి. నాకు కోపం రాలేదండి, భయమేసింది. అందుకే కొట్టేను. తడిక వేసేసేను. ఊళ్ళో ఉంటే మళ్ళీ కుండ ముందుకొస్తుందని హాస్టల్లో పడేసేను. సెలవలకొచ్చినా లోపలికి రానివ్వలేదు. ఎందుకంటే..." అచ్చాయమ్మ కూతురి వంక చూసింది. మళ్ళీ మొదలుపెట్టింది. "ఎందుకంటే అది ఇంకొక్క రేకు తీసిందంటే, ఉండిపోవే అని నేనే అడిగేద్దునేమోనండి. నాకు పక్కన ఎవరూ లేరు కదండీ."

దేవకుమారి లేచి నిలబడింది. పరీక్ష, పరీక్షాధికారి, ఏవీ ఆ పిల్లకి గుర్తులేవు.

"మైలలో కుండ ముట్టుకున్నానని కొట్టేవనుకున్నానమ్మా. కుండ పాడుచేసేనని, అందుకే నన్ను చూస్తే నీకు పడదని అనుకున్నాను. పదేళ్ళూ అదే అనుకున్నాను."

"మైలేంటే, పిచ్చిమొహమా! ఆ పదకొండు రేకులూ నేనొక్కదాన్నే తినేసేను. నెయ్యి లేదు, పంచదార లేదు. ఎవరికీ పెట్ట బుద్ధి కాలేదు."

దేవకుమారి ఏడ్చింది. దాచుకోకుండా, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పదమూడేళ్ళ పిల్లలా ఏడ్చింది. అచ్చాయమ్మ కూడా ఏడ్చేదేగాని, పెద్దావిడ ఇంకేదో అడగబోతున్నట్టు కనబడి ఆపుకుంది.

"చివరి ప్రశ్న మీకే వేస్తాను," అన్నారు శ్యామలాంబగారు. "ఆ తల్లి చేసింది తప్పంటారా, ఒప్పంటారా?"

అచ్చాయమ్మ ఆలోచించింది. మరిసెల్లమ్మ తరఫున వచ్చినా సరే, అబద్ధం చెప్పడానికి రాలేదు.

"తలుపు వెయ్యడం ఒప్పేనండి. వెయ్యకపోతే ఇవాళ ఇది మీ ముందు ఇంగ్లీషులో మాట్లాడేది కాదు. చెప్పకపోవడం తప్పండి. పని చేసేటప్పుడు మాట్లాడకూడదు, నిజమే. పనయ్యాక మాట్లాడొచ్చు కదండీ? పదేళ్ళపాటు నేను ఊపిరి బిగబట్టుకునే కూర్చున్నానా ఏంటండీ?"

శ్యామలాంబగారు పెన్ను తీసుకుని ఏదో రాసుకున్నారు. ఈలోపు దేవకుమారి కొంగుతో మొహం తుడుచుకుని పుస్తకం లాక్కుంది. పేజీలు గబగబా వెనక్కి తిప్పింది. నూట నాలుగు. ఎడా కాల్చిన మొదటి రొట్టెని సంతలో ఆడవాళ్ళు చేతులు మార్చుకుంటూ చూశారని, తల్లి రొట్టె కంటే పల్చగా ఉందని మెచ్చుకున్నారని, ఆ సాయంత్రం తల్లి మొహం చూడ్డానికి ఎడాకి భయమేసిందని అక్కడ రాసి ఉంది. ఒక్క విమర్శకుడూ పట్టించుకోని నాలుగు వాక్యాలు. దేవకుమారి వాటిని పైకి చదివింది. ఆ తరవాత ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. తల్లులు, తల్లుల తల్లులు దొరల తోటల్లో ఏ పనికి చెయ్యి కుదిరితే ఆ పనికే కట్టుబడిపోయిన దీవిలో, ఆ తల్లి తలుపు వేసింది కూతురి మీద కాదనీ, ఆ పని మీదనీ చెప్పింది. పావుగంట ఆగలేదు. ఈసారి అచ్చాయమ్మకి ఒక్క మాటా తెలియకపోయినా అంతా తెలిసింది.

శ్యామలాంబగారు ఫైలు మూశారు. "నేను ఈ నవల పదకొండేళ్ళుగా పాఠం చెబుతున్నాను," అన్నారు తెలుగులో, అందరికీ వినబడేలా. "ఈ సంవత్సరం నుంచి వేరేగా చెబుతాను. దేవకుమారీ, మీ అమ్మగారి పేరు ఫుట్‌నోట్లో రాయి. ఊరు పేరుతో సహా." వెనక బెంచీలవాళ్ళు చప్పట్లు కొట్టారు. పరీక్ష గదిలో చప్పట్లు కొట్టకూడదని సూర్యప్రకాశంగారు చెప్పాల్సిందే గాని, ఆయనా కొడుతున్నారు.

ఆ ఏడు ఆ సెంటర్లో ఆ వ్యాసానికి వచ్చినన్ని మార్కులు ఎవరికీ రాలేదు. దేవకుమారి మరో రెండేళ్ళకి కాకినాడలో ఒక కాలేజీలో లెక్చరరుగా చేరింది. వేసవి సెలవల్లో ఇంటికొస్తే సరదాకి రేకులు తీస్తుంది, ఇప్పటికీ తల్లి కంటే పల్చగా. తీసి, చేతులు కడుక్కుని, పుస్తకం పట్టుకుంటుంది. బుల్లెమ్మగారు ఇప్పుడు కుండ మాట ఎత్తరు. అదంతా తరవాతి సంగతి.

ఆ సాయంత్రం మాత్రం తల్లీకూతుళ్ళు రావులపాలెం బస్సెక్కారు. ధవళేశ్వరం ఆనకట్ట మీదకి రాకముందే అచ్చాయమ్మ మొదలుపెట్టింది. హాస్టల్లో దింపేసి వస్తూ ఆ రోజు బస్సులో ఎంత ఏడ్చిందో చెప్పింది. కండక్టరు మంచినీళ్ళిచ్చాడని, ఆయన సొంతూరు జొన్నాడనీ చెప్పింది. దేవకుమారి, తను హాస్టల్లో మొదటి నెలంతా అన్నం ఎలా వదిలేసిందో చెప్పింది. నువ్వు ఉత్తరం రాయలేదేమంటే నువ్వు రాయలేదేమని ఇద్దరూ దెబ్బలాడుకున్నారు. ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగి కూర్చుని అంతా విన్నది.

"ఏమండోయ్, ఆత్రేయపురం దాటి ఎంతసేపైందనుకున్నారు? ఇది రావులపాలెం. దిగండి," అన్నాడు కండక్టరు.

దిగి అడిగితే తిరుగు బస్సుకి ఇంకా గంటన్నర ఉందన్నారు. పది సంవత్సరాలకి గంటన్నర ఏ మూలకి సరిపోతుందని అచ్చాయమ్మ బెంగపడింది. బస్టాండులో సిమెంటు బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, "ఎక్కడిదాకా వచ్చేం?" అంది కూతురితో.